దగ్గర సంబంధం

మా సుశీలత్త పోయి నెల కావస్తోంది. పలకరింపుకు పెరంబూరు వెళ్ళినప్పుడు ఆమె ఇంటి వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. పక్కింటి ఆటో డ్రైవరూ, మూలమీద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయనా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మాట కరోనా రోజుల మీదికి పోయింది. తాను ప్రైమరీ కాంటాక్టుననీ, ఇస్త్రీ ఆయన వట్టి సెకండరీ కాంటాక్టేననీ, అయినా ముందు ఆయన్నే క్వారంటైన్‌లో పెట్టారనీ ఆటో ఆయన వాదిస్తున్నాడు. ఇంక్యుబేషన్ పీరియడ్ విషయంలో ఇస్త్రీ ఆయన అతన్ని సరిదిద్దాడు. నేను టీ కప్పు పట్టుకుని వింటున్నాను. చావు ఇంటికి వచ్చినవాడికి కలగకూడని చిన్న అసూయ ఒకటి కలిగింది. ఒకప్పుడు ఉత్తర మద్రాసు మొత్తమ్మీద ఆ మాటలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా నమ్మకం. ఆ నమ్మకంతో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. దానివల్లే అత్త బతికిందని చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. అత్త ముందు కూడా చెప్పేవాణ్ణి. ఆమె ప్రతిసారీ ఓపిగ్గా వినేది.

అరవైల చివరి సంగతి. మేము వాషర్‌మెన్‌పేటలో ఉండేవాళ్ళం. మేమంటే తాత, అవ్వ, పెళ్ళికాని మా చిన్నాయన, నేను. నాన్నకు ఉద్యోగం నాగపూర్‌లో. నా చదువు చెడుతుందని నన్ను తాత దగ్గర ఉంచి అమ్మానాన్నలు అక్కడ ఉండేవారు. తాతకు సౌకార్‌పేటలో పసుపు మండీ. సాయంత్రం తాతా చిన్నాయనా ఇంటికొచ్చేటప్పుడు మనుషులకంటే ముందు పసుపు వాసన వీధిలోకి వచ్చేది. పంచెల అంచులు పసుపు, గోళ్ళు పసుపు, దిండు గలీబులు పసుపు. మా ఇంటి బట్టలు వేరేవాళ్ళ బట్టలతో కలిపి ఉడకబెట్టనని చాకలామె ఖచ్చితంగా చెప్పేసింది. నా కాలేజీ పుస్తకాల మీద కూడా ఆ వేలిముద్రలుండేవి. తాతకు ఇంగ్లీషు రాదు కానీ నేను ఏం చదువుతున్నానో పేజీలు తిప్పి చూసే అలవాటుంది.

అవ్వ ప్రపంచం నీళ్ళ చుట్టూ తిరిగేది. తెల్లారకముందే కార్పొరేషన్ కొళాయి దగ్గర బిందె పెట్టేది. తెచ్చిన నీళ్ళను నాలుగు మడతల గుడ్డలో వడగట్టేది. ఆమె తాగే ఇత్తడి చెంబును ఎవరూ ముట్టుకోకూడదు. బయట ఎవరింట్లోనూ మంచినీళ్ళు పుచ్చుకోదు. మైలాపూరులో చుట్టాలింటికి పెళ్ళికి పోయినా సరే, ఎండలో నాలుక పిడచగట్టుకుని తిరిగొచ్చి, గడప దాటిన తర్వాత చెంబెత్తి గొంతులో పోసుకునేది. ఆ మొదటి గుటక చప్పుడు వీధి గదిలోకి వినిపించేది.

నాకు మెడికల్ కాలేజీలో సీటు రాలేదు. వస్తుందని ఇంటిల్లిపాదికీ ముందుగా చెప్పి ఉండటం వల్ల, రాకపోవడాన్ని కూడా అందరికీ చెప్పాల్సి వచ్చింది. జంతుశాస్త్రంలో చేరాను. కానీ డాక్టర్ల భాష వదలబుద్ధి కాలేదు. మూర్ మార్కెట్టులో అట్టలేని పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాను. జబ్బులు ఊళ్ళో ఎట్లా పాకుతాయన్నది దాని విషయం. జబ్బులకంటే మాటలే నన్ను పట్టుకున్నాయి. ఊళ్ళో ఎప్పుడూ ఉండేది ఎండెమిక్, ఒక్కసారిగా లేచేది ఎపిడెమిక్, అక్కడొకటి ఇక్కడొకటి తగిలేది స్పొరాడిక్. వీధిలో ఎవరైనా దగ్గితే అది ఏ రకమో నాలో నేను తేల్చుకునేవాణ్ణి. రాత్రి భోజనాల దగ్గర పైకే తేల్చేవాణ్ణి.

"జబ్బు వచ్చినోణ్ణి హోస్ట్ అంటారు తాతా. అంటే ఆతిథ్యమిచ్చేవాడని."

"అట్టయితే ఈ ఇంట్లో దోమలకి నేనే హోస్ట్‌ని రా," అన్నాడు తాత మోకాలు గోక్కుంటూ.

"జబ్బు లోపలికి పోయినాక పైకి కనపడేదాకా పట్టే కాలం ఇంక్యుబేషన్. అంటే పొదగడం."

అవ్వ చారు గరిటె ఆపింది. "గుడ్లు పొదిగే మాట అన్నం కాడ ఎత్తొద్దు. ఇదేమన్నా మాంసం వండే మిలిటరీ హోటలా?"

"కొందరికి జబ్బు ఉన్నట్టే తెలీదు, కానీ ఇంకొకళ్ళకి అంటిస్తారు. వాళ్ళని క్యారియర్ అంటారు."

"మీ తాత క్యారియర్‌కి మూత సరిగ్గా పడటంలే. నీకంత తెలిస్తే ముందు అది చూడు."

ఇదీ నా శ్రోతల స్థాయి. నేను జాలిపడి ఊరుకునేవాణ్ణి.

ఆ భోజనాల దగ్గర ఎవరూ ఎత్తని పేరు సుశీలత్తది. తాతకు ఒక్కతే కూతురు. టైపు నేర్చుకోవడానికి పోయి, అక్కడే నేర్చుకుంటున్న డేవిడ్‌ని పెళ్ళి చేసుకుంది. డేవిడ్ వాళ్ళూ తెలుగువాళ్ళే, కానీ క్రిస్టియన్లు. అతనికి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని. పెళ్ళి సంగతి తెలిసిన రోజున బంధువులందరూ హాల్లో కూర్చున్నారు. తాత తల వంచుకుని గోళ్ళలోని పసుపు గీక్కుంటూ కూర్చున్నాడు. అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ పొద్దు నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ సంబంధం లేదు," అన్నది. ఆ తర్వాత ఎవరు పెరంబూరు పేరెత్తినా అదే మాట, అదే గొంతు. అత్తకు కొడుకు పుట్టాడని చెప్పడానికి వచ్చిన ఆమెకు కూడా అదే చెప్పి, తాంబూలం ఇచ్చి పంపింది.

నేను మాత్రం కాలేజీ నుంచి వస్తూ అప్పుడప్పుడు అత్త ఇంటికి పోయేవాణ్ణి. ఇంట్లో ఈ ధైర్యం ఉన్నది నాకొక్కడికేనని గర్వంగా ఉండేది. అత్త నన్ను అడిగేది ఒకటే. "అమ్మ ఎట్ట ఉండాది రా? ఒక్కసారి ఈ గడప తొక్కి, నలుగురికీ తెలిసేటట్టు నా బిడ్డని ఎత్తుకుంటే చాలు, ఇంకేం వద్దు." పిల్లవాడి మొదటి పుట్టినరోజుకు పోయాను. అది మంచి ఎండాకాలం. డేవిడ్ పెద్ద గంగాళం నిండా సుగంధిపాల వేళ్ళతో చేసే నన్నారి షర్బత్ కలిపి, బండి మీద అమ్మే ఐసు కొనుక్కొచ్చి పగలగొట్టి వేశాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గ్లాసు ముంచుకుని తాగడమే. నేను రెండు గ్లాసులు తాగి, నోరు కడుక్కుని ఇంటికొచ్చాను.

కొన్ని వారాలకు చిన్నాయన కళ్ళు పచ్చబడ్డాయి. మరొకరి ఇంట్లో అయితే వెంటనే కామెర్లని అనుకునేవాళ్ళు. మా ఇంట్లో పచ్చదనం వార్త కాదు. "పసుపు తూర్పారపట్టేటప్పుడు దుమ్ము కంట్లో పడింది," అన్నాడు చిన్నాయన. తాత అతన్ని చన్నీళ్ళతో కళ్ళు కడుక్కోమన్నాడు. తర్వాత తాత కళ్ళు కూడా పచ్చబడితే, ఈ ఏడు సరుకు మంచి రంగుతో వచ్చిందని మండీలో అందరికీ గొప్పగా చెప్పాడు. నేను పుస్తకం తెరిచి, పసుపు దుమ్ము వల్ల కంటికి వచ్చే మార్పులను వృత్తి సంబంధమైన వ్యాధుల కింద వెతకడం మొదలుపెట్టాను. అన్నం చూస్తే వాంతి వస్తుండటాన్ని ఆ శ్రద్ధలో పట్టించుకోలేదు. చివరికి అవ్వ నా గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పింది. "నువ్వు ఏ మండీకి పోయినావురా?" అన్నది.

ఆ మాటతో జబ్బు నిర్ధారణ అయిపోయింది. హాల్లో వరసగా మూడు చాపలు పడ్డాయి. అవ్వ పొద్దున్నే నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి మాకు పోసేది. ఉప్పూ కారం లేని గంజి ముందు పెట్టి, మేం తాగుతుంటే పక్కన కూర్చుని విసిరేది.

అట్లా ఉండగా ఒక ఉదయం కార్పొరేషన్ ఆరోగ్యశాఖ నుంచి లేడీ డాక్టరు వచ్చింది. మలయాళీ ఆవిడ. తమిళం కూడబలుక్కుని మాట్లాడేది, తొందరలో ఇంగ్లీషులోకి దిగేది. నేను చాప మీది నుంచి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇంతకాలం చదివిన చదువు పనికొచ్చే వేళ వచ్చింది. నాకు ఇంగ్లీషు వచ్చునని, వైద్య పదజాలంతో పరిచయముందని, కావాలంటే మా వాళ్ళకు తెలుగులో చెబుతానని ఆమెకు మనవి చేసుకున్నాను. ఆమె నా కనురెప్ప కిందికి లాగి చూసి, సరేనన్నది.

"ఎనీ క్లోజ్ కాంటాక్ట్ విత్ అనదర్ కేస్?"

క్లోజ్ అంటే దగ్గర. కాంటాక్ట్ అంటే సంబంధం. నేను గొంతు సవరించుకున్నాను. "ఇంకో కేసుతో మనకేమన్నా దగ్గర సంబంధం ఉండాదా అని అడుగుతా ఉంది అవ్వా."

అవ్వ ముఖం విప్పారింది. "కేసులూ గీసులూ మనకి లేవని చెప్పు. మీ తాత కోర్టు మెట్టెక్కి ఎరగడు. దగ్గర సంబంధమంటే, మీ చిన్నాయనకి మా తమ్ముడి కూతుర్ని అనుకుంటా ఉండాం. జాతకాలు ఇంకా చూపించలేదని చెప్పు."

"ఇప్పుడదెందుకమ్మా," అని చిన్నాయన చాప మీది నుంచి మూలిగాడు.

"నువ్వుండు. పెద్ద చదువు చదివిన ఆమె, ఆమెకి తెలిసిన పిల్లలెవరన్నా ఉండారేమో."

ఇంకా లేదు గానీ మాటలు నడుస్తున్నాయని నేను డాక్టరుకు ఇంగ్లీషులో విన్నవించాను. ఆమె కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత, నెల కిందట మీ ముగ్గురూ ఒకేచోట ఏమైనా తిన్నారా, తాగారా అని అడగమంది. అడిగాను.

"నెల కిందటి సంగతి ఎవరికి గుర్తుంటాది? మండీలో టీ తాగుంటా," అన్నాడు తాత పైకప్పు చూస్తూ.

"నేను యాడా ఏం తాగలే," అన్నాడు చిన్నాయన.

మూడో రోగిని నేనే. నన్ను నేను తెలుగులో అడుక్కుని, తెలుగులో లేదని చెప్పుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఆమెకు అందించాను.

"నన్నారి షర్బత్?" అన్నది డాక్టరు మెల్లగా. "పెరంబూర్‌ల?"

మూడు చాపల మీద కదలిక ఆగిపోయింది. ముందు నోరు జారింది తాత. "ఆ ఐసు మీద నాకప్పుడే అనుమానం."

"నువ్వూ పోయినావా నాయనా?" చిన్నాయన మోచేతి మీద లేచాడు.

"నువ్వూ అంటే?"

ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. ముగ్గురి కళ్ళూ ఒకటే రంగు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అవ్వ వైపు చూసే ధైర్యం ఎవరికీ లేదు. ఒకే రోజున ఒకరికి తెలియకుండా ఒకరు వేరు వేరు వేళల్లో పెరంబూరు పోయి, ఒకే గంగాళంలో ముంచుకు తాగి వచ్చాం. దీనికి నా పుస్తకంలో మాట ఉంది, కామన్ సోర్స్. అప్పుడు కూడా అది నా నాలుక చివరికి వచ్చింది. దేవుడి దయవల్ల అనలేదు.

డాక్టరు గొంతు తగ్గించింది. ఆ షర్బత్ తాగినవాళ్ళలో ఆ వీధిలో చాలామంది పడ్డారని, అందరిలోకీ ఆ ఇంటి ఆమెకే ఎక్కువగా ఉందని చెప్పింది. "షి ఈజ్ క్యారీయింగ్," అన్నది.

నాకు ఆ మాట బాగా తెలుసు. నేను బాధతో అవ్వకు చెప్పాను. "అత్త క్యారియరంట. ఆమె నుంచే అందరికీ వచ్చిందంటా ఉంది."

"క్యారియర్ కాదురా, నీ మొహం," అన్నది అవ్వ. "క్యారీయింగ్. అది కడుపుతో ఉండాదని చెబుతా ఉంది."

మద్రాసులో ఇంగ్లీషు ముక్క రాని ఆడవాళ్ళకు కూడా ఆ మాట తెలుసునని నాకు తర్వాత తెలిసింది. నా పుస్తకంలో మాత్రం లేదు. నేను నోరు మూసుకుంటే మిగిలింది డాక్టరు తన తమిళంలోనే చెప్పింది. కడుపుతో ఉన్న మనిషికి ఈ జబ్బు ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆసుపత్రిలో చేరాలి. కానీ ఏడాది పిల్లవాణ్ణి చూసుకునే మనిషి లేక ఆమె రానంటోంది. భర్తకు పని మానితే జరగదు. ఈ ఇంటి గుర్తు చెప్పింది అతనే. అంతా చెప్పాక డాక్టరు నా వైపు తిరిగి, మళ్ళీ ఇంగ్లీషులో, ఈ ఇంటికీ ఆ ఇంటికీ క్లోజ్ కాంటాక్ట్ ఉందా అని అడిగింది.

నేను దాన్ని తెలుగులో అన్నాను. "ఈ ఇంటికీ ఆ ఇంటికీ దగ్గర సంబంధం ఏమన్నా ఉండాదా అని."

రెండేళ్ళుగా ఎవరూ అడగకుండానే అవ్వ జవాబు చెబుతూ వచ్చిన ప్రశ్న అది. అడిగినప్పుడు ఆమె జవాబు చెప్పలేదు. విసనకర్ర అంచు గిల్లుతూ నిలబడింది. డాక్టరు లేచి సంచీ సర్దుకుంటూ, "ఆల్ క్లోజ్ కాంటాక్ట్స్ మస్ట్ బి సీన్," అన్నది. అంటే జబ్బుమనిషికి దగ్గరగా మెలిగినవాళ్ళందరినీ తాను పరీక్ష చెయ్యాలని. నేను యథాప్రకారం తర్జుమా చేశాను.

"దగ్గర సంబంధం ఉన్నోళ్ళని తప్పకుండా చూడాలంట."

తెలుగులో ఎవరు ఎవరిని చూడాలో చెప్పకుండా కూడా వాక్యం పూర్తవుతుంది.

"చూడాలన్నదా?" అన్నది అవ్వ.

"ఆమా అవ్వా, అవును, చూడాలన్నది."

"తప్పకుండా అన్నదా?"

"మస్ట్ అన్నది అవ్వా. మస్ట్ అంటే తప్పకుండానే."

"సరి. డాక్టరమ్మే చెప్పినాక మనం చేసేదేముండాది," అని అవ్వ తాత వైపు చూసింది. తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు, కానీ తల మాత్రం ఊపాడు. ఆమె లోపలికి పోయి చీర మార్చుకుని, చెంబు నిండా నీళ్ళు పట్టుకుని వచ్చింది. వీధిలో రిక్షా పిలిచింది. ఏమంటోంది ఈమె అన్నట్టు డాక్టరు నన్ను చూసింది. కాంటాక్ట్ ఉందంటోంది అన్నాను. ఆ రోజంతటిలో నేను సరిగ్గా చేసిన తర్జుమా అదొక్కటే.

అత్త ఆసుపత్రిలో చేరింది. చాలా వారాలుంది. బతికింది. తర్వాత పుట్టిన ఆడపిల్ల కూడా దక్కింది. అన్నాళ్ళూ అవ్వ పెరంబూరులోనే ఉండి పిల్లవాణ్ణి సాకింది. వాషర్‌మెన్‌పేటలో మేము ముగ్గురు పచ్చకళ్ళ మగవాళ్ళం ఒకరు మాడ్చిన గంజిని ఇంకొకరం తాగుతూ కోలుకున్నాం. అవ్వ ఆ ఇంట్లో తన పొయ్యి తాను పెట్టుకుంది, తన నీళ్ళు తాను కాచుకుంది. ఎవరైనా అడిగితే కాచిన నీళ్ళే తాగమని డాక్టరమ్మ అన్నదని చెప్పేది. అందులో ఎంత ఆరోగ్యమో, ఎంత మడో అన్నది డేవిడ్ ఎన్నడూ ఆరా తీయలేదు. పొద్దున వర్క్‌షాపుకి పోయేముందు బిందెలు నింపి వంటింటి బయట పెట్టి, "అమ్మా, నీళ్ళు," అని చెప్పి పోయేవాడు. మా బంధువులెవరైనా నిలదీస్తే కూడా అవ్వకు డాక్టరమ్మే అడ్డం. "నేను పోతానంటినా? సర్కారు ఆమె వచ్చి మస్ట్ అన్నది."

దీన్ని నేను పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, నా రిటైర్మెంటు సభలో చెప్పాను. తప్పుడు తర్జుమా ఒక కుటుంబాన్ని ఎట్లా కలిపిందన్నది నా పద్ధతిలో చెబితే బాగా పండేది. కరోనా వచ్చినప్పుడు పాత మాటలన్నీ వీధి మీదికి వచ్చాయి. అత్తకు అప్పటికే బాగా వయసైంది. పిల్లలు ఆమెను గదిలో ఉంచి తలుపు దగ్గర నుంచి మాట్లాడేవాళ్ళు. నేను ఫోన్లో మాట్లాడేవాణ్ణి. ఆ రోజుల్లో కాంటాక్ట్ అంటే ఎవరి దగ్గరికి పోకూడదో వాళ్ళు. అది సరైన పనే, కాదనను. నాకు అవ్వ రిక్షా ఎక్కడమే గుర్తుకొస్తూ ఉండేది.

పోయిన ఏడు అత్త మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఆమెకు తోచక, ఆ కథ మళ్ళీ చెప్పమంది. చెప్పాను. ఎవరు ఎవరిని చూడాలన్న చోటికి వచ్చి ఆగాను. అక్కడ ఆగడం నా పద్ధతి.

"మా అమ్మ నీ తర్జుమా వల్లే వచ్చిందనుకుంటా ఉండావా రా ఇంకా?" అన్నది అత్త.

"మరి?"

"ఆ పుట్టినరోజునాడు మీ అందరికన్నా ముందొచ్చింది మా అమ్మే. తెల్లారే పాలతను వచ్చే వేళకి. బిడ్డకి దిష్టిచుక్క పెట్టి, కాసేపు ఎత్తుకుని పాయె. అంతకుముందు కూడా వస్తా ఉండింది, సందు తలుపు నుంచి. కడుపు సంగతి నేను ముందు చెప్పింది ఆమెకే."

క్యారీయింగ్ అన్న మాట అవ్వకు అంత తొందరగా ఎట్లా అందిందో అప్పుడు తెలిసింది.

"మరి ఆమెకి కామెర్లు రాలేదే?"

"అప్పటికే కలిపి పెట్టిన షర్బత్ ఇచ్చినా. ముట్టలే. ఈ ఇంట్లో నీళ్ళు తాగేది కాదు కదా. దప్పికతోనే పోయింది." అత్త దిండు సర్దుకుంది. "నువ్వు పుస్తకం పట్టుకుని కళ్ళు పచ్చబడినోళ్ళనే లెక్కేసుకున్నావు."

"అట్టయితే డాక్టరు అడగ్గానే చెప్పొచ్చు కదా. అవ్వ నన్ను రెండు సార్లు అడిగింది, చూడాలన్నదా, తప్పకుండా అన్నదా అని."

"హాల్లో అందరి ముందరా లేదన్న మనిషి, అందరి ముందరా ఉండాదని ఎట్ట అంటాది రా? పట్టుకునేదానికి ఏదో ఒకటి కావాల. నువ్వు అందించినావు." అత్త నా చెయ్యి తట్టింది. నేను చిన్నబుచ్చుకున్నానని అనుకున్నట్టుంది. "నువ్వు చెప్పినట్టే బాగుండాది. మిగిలింది కూడా చెప్పు. ఆమె చీర మార్చుకుని వచ్చే కాడి నుంచి."

చెప్పాను. రిక్షా పెరంబూరు వంతెన దిగి ఇంటి ముందు ఆగేదాకా చెప్పాను. పట్టపగలు, వీధిలో అందరూ చూస్తుండగా, అవ్వ ముందు తలుపు నుంచి లోపలికి నడిచిందన్నాను. ఆ మాట నేను ఎన్నోసార్లు అన్నదే. అత్త కళ్ళు మూసుకుని, "ఆమా, ముందు తలుపు నుంచి," అన్నది.